‘టర్న్ ద టేబుల్స్’: తిరిగింది భోజనం బల్ల కాదు, ఆటబల్ల

అడిగిన ప్రశ్నలు నాలుగు. ‘టర్న్ ద టేబుల్స్’ అనే ఇంగ్లీషు జాతీయానికి సరైన అర్థం ఏమిటి? బల్లలు తిప్పడానికీ పరిస్థితి తలకిందులు కావడానికీ సంబంధం ఏమిటి? రోమన్ భార్యాభర్తల కథ నిజమేనా? ‘ద షూ ఈజ్ ఆన్ ది అదర్ ఫుట్’ అన్నా ఇదే అర్థమా?

ముందు అర్థం చూద్దాం. ఇద్దరు ఎదురెదురుగా ఉన్నారు. ఒకరిది పైచేయి, రెండోవారు ఇరుకున పడ్డారు. తర్వాత ఆ పైచేయి ఇటు వచ్చింది, ఆ ఇరుకు అటు వెళ్లింది. ‘టర్న్ ద టేబుల్స్’ చెప్పేది ఈ స్థానాల మార్పిడినే. ఏదో మార్పు వచ్చిందనో, ఒకడు బాగుపడ్డాడనో, పగ తీర్చుకున్నాడనో చెప్పడానికి ఇది చాలదు. ఇద్దరు ఉండాలి, వాళ్ల మధ్య ఎక్కువ తక్కువలు ఉండాలి, అవి అటుదిటు కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మాట అతకదు. మనవాళ్లు ఇంగ్లీషు రాసేటప్పుడు ఈ జాతీయం దగ్గర చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఇలా ఎందుకు ఉండాలో ఆ ‘టేబుల్స్’ ఏమిటో తెలిస్తే దానంతట అదే అర్థమవుతుంది.

మధ్యయుగాల ఇంగ్లండులో ‘టేబుల్స్’ ఒక ఆట పేరు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒకే రకం బోర్డు మీద పాచికలతో ఆడే ఆటల కుటుంబం పేరు. పలక, చెక్క అనే అర్థమున్న ‘తబులా’ అనే లాటిన్ మాట దీనికి మూలం. రోమన్లు ఆడిన ఒక ఆటను కూడా తబులా అనే పిలిచేవారు. అయిదో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి జీనోకు ఆ ఆటలో ఒక దురదృష్టపు పందెం పడింది. మూడు పాచికల మీద రెండు, అయిదు, ఆరు వచ్చి, నిక్షేపంలా ఉన్న ఆట ఒక్క వేటుతో కుప్పకూలింది. దాన్ని అగాథియాస్ అనే కవి తర్వాతి శతాబ్దంలో పద్యంలో పెట్టాడు కాబట్టే ఆ ఆట ఎలా ఉండేదో మనకు తెలుస్తోంది. స్పెయిన్‌లో కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో 1283లో రాయించిన ఆటల గ్రంథంలో ఈ కుటుంబపు ఆటలకు ఒక భాగమే ఉంది. 1545లో మునిగిపోయిన ఇంగ్లీషు యుద్ధనౌక మేరీ రోజ్‌ను వెలికి తీసినప్పుడు వడ్రంగి గదిలో ఈ ఆట బోర్డు దొరికింది. షేక్‌స్పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ చివరి అంకంలో ఒక నాగరికుణ్ణి ఎద్దేవా చేస్తూ, వీడు ‘టేబుల్స్’ ఆడేటప్పుడు పాచికలను కూడా మర్యాదగానే తిడతాడు అనిపిస్తాడు. అంటే రాజసభ నుంచి ఓడలో వడ్రంగి దాకా అందరికీ తెలిసిన ఆట ఇది. ఈ కుటుంబంలో నేటికీ విరివిగా ఆడుతున్నది బ్యాక్‌గామన్. ఇంగ్లీషులో ఆ పేరు పదిహేడో శతాబ్దంలో గాని కనిపించదు. అంతకుముందు దానికి బాగా దగ్గరగా ఉండే ఆటను ‘ఐరిష్’ అనేవారు.

పేరు బహువచనంలో ఎందుకుందన్నది ముఖ్యమైన విషయం. ఈ బోర్డు రెండు పలకలుగా ఉంటుంది. చాలా బోర్డులు మధ్యలో మడతబందుతో పెట్టెలా మూసుకుంటాయి. ఒక్కో పలక ఒక్కో ‘టేబుల్’. లోపలిది ‘ఇన్నర్ టేబుల్’, బయటిది ‘ఔటర్ టేబుల్’. మొత్తం బోర్డును ఆ రోజుల్లో ఇంగ్లీషులో ‘ఎ పెయిర్ ఆఫ్ టేబుల్స్’ అనేవారు. అందుకే ఈ జాతీయంలో ఎప్పుడూ ‘టేబుల్స్’ అనే ఉంటుంది, ‘టేబుల్’ అని ఉండదు.

బోర్డు తిప్పితే ఏమవుతుందో చూడాలంటే ఆట కొంచెం తెలియాలి. మనకు బ్యాక్‌గామన్ అంతగా అలవాటు లేదు గానీ, పచ్చీసు తెలిసినవాళ్లకు నిమిషంలో పట్టుబడుతుంది. బోర్డు మీద పొడవాటి త్రికోణాలు 24 ఉంటాయి, ఆటగాడి వైపు 12, ఎదుటివాడి వైపు 12. అవే గడులు. ఒక్కొక్కరికి 15 కాయలు, ఒకరివి తెల్లవి, మరొకరివి నల్లవి. రెండు పాచికలు వేసి, పడినన్ని గడులు కాయలను నడపాలి. తెల్లకాయలు ఒక దిక్కుగా నడిస్తే నల్లకాయలు దానికి ఎదురు దిక్కుగా నడుస్తాయి. ఎవరి దగ్గరున్న ఆరు గడులు వాళ్ల ఇల్లు. 15 కాయలూ ఇంటికి చేరాక ఒక్కొక్కటిగా బయటికి తీసేయాలి, మన భాషలో పండించాలి. ముందుగా అన్నీ పండించినవాడు గెలుస్తాడు. ఒంటరిగా ఉన్న కాయ మీద ఎదుటివాడి కాయ పడితే అది చచ్చి మళ్లీ మొదటి నుంచీ రావాలి.

ఇప్పుడు ఆట మధ్యలో ఒక స్థితి ఊహించండి. తెల్లకాయలవాడు 13 పండించేశాడు, ఇంకో రెండు ఇంట్లోనే ఉన్నాయి. నల్లకాయలవాడు నాలుగే పండించాడు, ఇంకా 11 మిగిలాయి. తెలుపు గెలుపు ఖాయం. ఈ దశలో కాయలను ముట్టుకోకుండా బోర్డును మాత్రం పట్టుకుని సగం చుట్టు తిప్పేశారనుకోండి. అటువైపు మనిషి ముందున్న ఇల్లు ఇటు వచ్చింది, ఇటుది అటు వెళ్లింది. ఇల్లు కుడిచేతివైపు కాకుండా ఎడమచేతివైపు కనిపిస్తుంది, అంతకుమించి ఆటకు తేడా లేదు. మిగిలిన కాయలు అవే, వాటి చోట్లు అవే, పాచికలు అవే. మారింది ఒక్కటే: రెండు కాయలతో గెలుపు ముంగిట ఉన్నవాడికి ఇప్పుడు 11 కాయలున్నాయి, ఓటమి అంచున ఉన్నవాడికి రెండే ఉన్నాయి.

ఈ జాతీయం ప్రాణమంతా ఇక్కడే ఉంది. పరిస్థితి మారలేదు. ఆ పరిస్థితిలో ఎవరి స్థానంలో ఎవరున్నారన్నది మారింది. చదరంగం బోర్డు తిప్పినా ఇదే జరుగుతుంది. క్యారమ్స్ బోర్డు తిప్పి చూడండి, ఏమీ కాదు. నాలుగు వైపులా ఒకేలా ఉన్న బోర్డు మీద కాయలు అందరి మధ్యా పడి ఉంటాయి, ఎవరి వైపు అన్నది ఉండదు. అందుకే ఈ మాట పుట్టడానికి ‘నా వైపు, నీ వైపు’ అని గీత గీసినట్టుండే బోర్డు కావలసి వచ్చింది.

దీనికి గట్టి సాక్ష్యం 1634 నాటిది. రాబర్ట్ శాండర్‌సన్ అనే ఆంగ్లికన్ మతగురువు, తర్వాతి కాలంలో లింకన్ బిషప్ అయినవాడు, తన ప్రసంగంలో ఈ మాట వాడాడు. ఇతరులకు అన్యాయం చేసేవాడివి నువ్వెవరివైనా సరే, టేబుల్స్ ఒక్కసారి తిప్పి చూడు, నీ పొరుగువాడు ఇప్పుడు నీ ఆట ఆడుతున్నాడనీ నువ్వు వాడి ఆట ఆడుతున్నావనీ ఊహించుకో అని ఆ మాటల సారం. ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ‘ఆట’ అనే మాట ఆ వాక్యంలోనే ఉంది. కాబట్టి టేబుల్స్ అంటే ఆటబోర్డేనన్న విషయంలో సందేహానికి తావు లేదు. రెండోది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. అక్కడ తిప్పమన్నది గెలవడానికి కాదు. పైచేయిగా ఉన్నవాణ్ణే ఎదుటివాడి కుర్చీలో కూర్చుని చూడమంటున్నాడు. ఇవాళ ఈ జాతీయం పోటీ, పోరాటం, ఎత్తుకు పైఎత్తు లాంటి సందర్భాల్లోనే వినిపిస్తుంది గానీ, తొలినాళ్లలో న్యాయం ఆలోచించడానికి పనికొచ్చే మాటగా కూడా ఉండేదన్నమాట.

1798లో ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ ‘ద టేబుల్స్ టర్న్‌డ్’ అని ఒక పద్యానికి పేరు పెట్టాడు. ‘లిరికల్ బ్యాలడ్స్’ సంపుటిలో దానికి ముందున్న జంట పద్యంలో ఒక స్నేహితుడు కవిని మందలిస్తాడు: పుస్తకాలు వదిలేసి రాయి మీద కూర్చుని పగటికలలు కంటున్నావేమిటని. రెండో పద్యంలో కవి ఆ స్నేహితుణ్ణే మందలిస్తాడు: లే, పుస్తకాలు వదిలి బయటికి రా అని. మందలించినవాడు మందలింపు వినేవాడయ్యాడు. పేరు ఎంత కచ్చితంగా పెట్టాడో చూడండి. ఇద్దరు మనుషులు, ఒకే వాదం, కుర్చీలు మారాయి.

ఇక రోమన్ కథ. ఆన్‌లైన్‌లో ఇది ఇలా తిరుగుతుంటుంది: రోమ్‌లో ధనికులైన మగవాళ్లు విపరీతమైన ధర పోసి బల్లలు కొనేవారట. భార్యలు నగలు కొంటే దుబారా అని విసుక్కునేవారట. అప్పుడు భార్యలు భర్తలను ఆ బల్లల వైపు తిప్పి చూపించి నోరు మూయించేవారట, అలా ‘టర్న్ ద టేబుల్స్’ పుట్టిందట.

ఈ కథలో ముందు సగం నిజం, అందుకే జనం నమ్ముతారు. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్ర పదమూడో సంపుటంలో ఈ బల్లల పిచ్చి గురించి రాశాడు. ఉత్తర ఆఫ్రికాలో అట్లాస్ పర్వతాల వైపు పెరిగే ఒక చెట్టు మొదట్లోని బుడిపెలను కోసి వాటితో బల్లపైభాగం చేసేవారు. ఆ చెక్కలో పులిచారల్లాంటి, నెమలికన్నుల్లాంటి రేఖలు ఉంటే వెల ఆకాశాన్నంటేది. ప్రసిద్ధ రోమన్ వక్త సిసిరో ఒక బల్లకు 5,00,000 సెస్టర్సులు, అంటే రోమన్ నాణేలు, పెట్టాడని ప్లినీ చెబుతాడు. ముత్యాల మీద ఖర్చు గురించి మగవాళ్లు మాట్లాడితే ఆడవాళ్లు ఈ బల్లల పిచ్చినే తిరిగి వాళ్ల ముఖాన విసురుతారని కూడా రాశాడు. అంతవరకూ చరిత్రే.

కానీ ప్లినీ వాడిన క్రియకు అర్థం తిరిగి విసరడం, ఎదురు జవాబివ్వడం. బల్లలు తిప్పడం అనే మాట అక్కడ లేదు. అతను చనిపోయింది 79లో, ఇంగ్లీషులో ఈ జాతీయం బలపడింది పదిహేడో శతాబ్దంలో. మధ్యలో 1,500 ఏళ్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీని దాటించే వంతెన కనిపించదు. పైగా శాండర్‌సన్ వాక్యంలో ఉన్నది ఆట, ఆడవాళ్ల నగలు కాదు. లాటిన్ బాగా చదివిన ఎవరో తర్వాతి కాలంలో ఈ రెండింటినీ ముడిపెట్టి ఉంటారని నా అభిప్రాయం.

ఇంకో కథ కూడా ఉంది. పాతకాలపు బల్లలకు ఒకవైపు నున్నగా, మరోవైపు గరుకుగా ఉండేదనీ, చుట్టాలొస్తే నున్ననివైపు తిప్పి వేసేవారనీ. దీనికి అర్థమే అడ్డొస్తుంది. చుట్టాలొచ్చారని బల్ల తిప్పితే ఎవరి స్థానం ఎవరికి మారింది? ఇద్దరు ప్రత్యర్థులు ఆ కథలో లేరు.

జాతీయాల పుట్టుక గురించి ఏ కథ కనబడినా మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది తేదీ: కథలో చెప్పిన కాలానికి దగ్గరలో ఆ మాట రాతలో కనిపిస్తోందా? రెండోది వ్యాకరణం: ఏకవచనమా బహువచనమా, ఏ విభక్తి పట్టింది, ఏ క్రియ వాడారు అన్నవి కథతో సరిపోతున్నాయా? మూడోది అర్థం: తొలి ప్రయోగాల్లోని అర్థం కథలోంచి సూటిగా వస్తోందా, లేక లాక్కొచ్చి అతికించాల్సి వస్తోందా? ఆటబోర్డు వివరణ మూడింటిలోనూ నిలుస్తుంది. రోమన్ కథ తేదీ దగ్గరే ఆగిపోతుంది. చుట్టాల కథ అర్థం దగ్గర పడిపోతుంది. కథ ఎంత రుచిగా ఉంటే అంత గట్టిగా పరీక్షించాలి, ఎందుకంటే రుచిగా ఉన్న కథే ఎక్కువ మంది నోళ్లలో తిరుగుతుంది.

మరో రెండు ‘బల్లలు’ కూడా దీనితో కలిసిపోతుంటాయి. బైబిల్లో యేసు దేవాలయంలోకి వెళ్లి రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోసిన ఘట్టం తెలుగువాళ్లలో చాలామందికి బాగా తెలుసు. ఇంగ్లీషులో దానికి వాడే క్రియ ‘ఓవర్‌టర్న్’, అంటే తిరగదోయడం. అక్కడ స్థానాల మార్పిడి లేదు, ఆగ్రహంతో తొలగించడం ఉంది. ఈ జాతీయానికీ ఆ ఘట్టానికీ చుట్టరికం లేదు. రెండోది ‘టేబుల్ టర్నింగ్’. 1850లలో ఐరోపాలో బల్ల చుట్టూ చేతులు ఆనించి కూర్చుంటే ఆత్మలు బల్లను కదుపుతాయని ఒక వేలంవెర్రి ఉండేది. శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే 1853లో ప్రయోగం చేసి, కూర్చున్నవాళ్ల చేతులే వాళ్లకు తెలియకుండా బల్లను నెడుతున్నాయని చూపించాడు. అది వేరే చరిత్ర.

ఇక వాడుక. మూడు రూపాలు వస్తే చాలు.

ఎవరో చేసిన పని అయితే: ‘టర్న్ ద టేబుల్స్ ఆన్ ఫలానావాళ్లు’. ‘ఆన్’ తర్వాత వచ్చేది అంతకుముందు పైచేయిగా ఉండి ఇప్పుడు కిందపడినవాళ్ల పేరు. ‘టు’ కాదు, ‘విత్’ కాదు, ‘అగెనెస్ట్’ కూడా కాదు. చేసినవాళ్లెవరో చెప్పక్కర్లేకపోతే: ‘ద టేబుల్స్ వర్ టర్న్‌డ్’. కాలమే మార్చింది, లేదా ఎలాగో మారింది అనాలంటే: ‘ద టేబుల్స్ హ్యావ్ టర్న్‌డ్’.

మన దగ్గర తరచూ పడే తప్పులు ఇవి. ‘ద’ ఎగిరిపోతుంది, తెలుగులో ఆ మాటకు చోటు లేదు కాబట్టి. ‘టర్న్‌డ్ టేబుల్స్’ అంటే జాతీయం చచ్చిపోయి, తిప్పిన బల్లలు అన్న మామూలు అర్థం మిగులుతుంది. ‘టేబుల్’ అని ఏకవచనం రాస్తే ఇంగ్లీషు చదివేవాడు ఒక్క క్షణం ఆగి తడబడతాడు. ‘టర్న్ ఓవర్ ద టేబుల్స్’ అంటే కోపంతో బల్లలు తిరగేయడం. ‘టర్న్‌టేబుల్’ ఒకే మాటగా రాస్తే గ్రామఫోను పళ్లెం, లేదా పాత లోకో షెడ్లలో రైలింజన్ను వెనక్కి తిప్పే గుండ్రటి వేదిక.

అర్థంలో జరిగే తప్పు వీటికన్నా పెద్దది. ‘అతను పేదవాడిగా పుట్టి కోటీశ్వరుడయ్యాడు, ద టేబుల్స్ హ్యావ్ టర్న్‌డ్’ అని రాస్తారు. ఇక్కడ రెండో మనిషి ఎవరు? లేడు. అదే వాక్యంలో ఒకప్పుడు అతనికి అప్పివ్వనన్న వడ్డీవ్యాపారి ఇవాళ అతని గుమ్మంలో అప్పుకోసం నిలబడ్డాడని చేర్చండి, జాతీయం చక్కగా కూర్చుంటుంది. ‘ధరలు పెరుగుతుంటే ఒక్కసారిగా తగ్గాయి’ అన్నచోట కూడా ఇది పనికిరాదు. అక్కడ కావలసింది ‘ద టైడ్ హ్యాజ్ టర్న్‌డ్’. టైడ్ అంటే సముద్రపు ఆటుపోటు, ఒక ప్రవాహం దిశ మారడం. దానికి ప్రత్యర్థి అక్కర్లేదు. టైడ్, టేబుల్స్ రెండూ ‘ట’తో మొదలై ‘టర్న్’తోనే కలుస్తాయి కాబట్టి తికమక సహజం. పోటీ పరీక్షల్లో ఈ జాతీయానికి అర్థం అడిగి, ఇచ్చే నాలుగు జవాబుల్లో ‘పగ తీర్చుకోవడం’ అని ఒకటి పెడితే తొందరపడకండి. పగ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. స్థానాలు తారుమారు చేసి పైచేయి సాధించడం అన్నదే సరైనది.

ఈ మాటకు నూటికి నూరుపాళ్లూ అతికే ఉదాహరణ మన క్రికెట్‌లోనే ఉంది. 2001 మార్చి, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. ఆస్ట్రేలియా అంతకుముందు వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. మొదటి ఇన్నింగ్స్‌లో 445 చేసి, భారత్‌ను 171కే ఆపి, 274 ఆధిక్యంతో ఫాలోఆన్ ఆడించింది. అక్కడి నుంచి మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ 281, రాహుల్ ద్రావిడ్ 180 చేశారు. ఇద్దరూ కలిసి 376 జోడించారు, నాలుగో రోజంతా వికెట్ పడనివ్వలేదు. భారత్ 7 వికెట్లకు 657 దగ్గర డిక్లేర్ చేసింది. 384 లక్ష్యంతో దిగిన ఆస్ట్రేలియా 212కు ఆలౌటైంది, హర్భజన్ ఆ ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు. 171 పరుగుల గెలుపు.

‘ఇండియా టర్న్‌డ్ ద టేబుల్స్ ఆన్ ఆస్ట్రేలియా’ అని దీని గురించి రాస్తే ఒక్క అక్షరం వృథా కాదు. మూడో రోజు మ్యాచ్ కాపాడుకోవడానికి ఆడుతున్నది భారత్, చుట్టూ ఫీల్డర్లను మోహరించి ఒత్తిడి పెట్టింది ఆస్ట్రేలియా. అయిదో రోజు చివరికి ఓటమి తప్పించుకోవాలని చూస్తున్నది ఆస్ట్రేలియా, చుట్టూ ఫీల్డర్లను పెట్టింది భారత్. తిప్పిన బోర్డే. ఇదే మ్యాచ్ గురించి ‘కమ్‌బ్యాక్’ అన్నా తప్పు కాదు గానీ, ఆ మాట భారత్ కోలుకోవడం వరకే చెబుతుంది. అవతలివాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పడ్డారో చెప్పదు.

‘ద షూ ఈజ్ ఆన్ ది అదర్ ఫుట్’ దీనికి దగ్గరి బంధువే కానీ కవల కాదు. బ్రిటన్‌లో ‘షూ’ బదులు ‘బూట్’ అంటారు, పందొమ్మిదో శతాబ్దపు రాతల్లో ‘ఫుట్’ బదులు ‘లెగ్’ కూడా కనిపిస్తుంది. తెలుగులో తొడ నుంచి పాదం దాకా అంతా కాలే కాబట్టి మనవాళ్లు ‘లెగ్’ అనేస్తుంటారు. పాత బ్రిటిష్ రూపం అదేనని సరిపెట్టుకోకండి, ఇప్పుడు రాసేటప్పుడు ‘ఫుట్’ అనే రాయండి.

చెప్పుల చరిత్ర ఇక్కడ కొంచెం పనికొస్తుంది. సుమారు 1600 నుంచి 1800 దాకా ఐరోపాలో ఎక్కువ బూట్లు కుడి ఎడమల తేడా లేకుండా ఒకే అచ్చు మీద కుట్టేవారు. ఎత్తుమడమల ఫ్యాషన్ వచ్చాక ప్రతి సైజుకూ కుడికొకటి ఎడమకొకటి చొప్పున కొయ్య అచ్చులు చెక్కించడం తలకు మించిన ఖర్చయింది. ఏ బూటు ఏ కాలికైనా పట్టేది, సమంగా అరగాలని మార్చి మార్చి తొడుక్కునేవారు కూడా. పందొమ్మిదో శతాబ్దంలో కుడి ఎడమ బూట్లు మళ్లీ మామూలయ్యాయి. ఒక నమూనాను చూసి చెక్కను అదే ఆకారంలోకి చెక్కే యంత్రానికి అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ ఆ శతాబ్దం మొదట్లోనే రూపమిచ్చాడు. తుపాకీ మడమల కోసం పుట్టిన ఆ యంత్రం బూటు అచ్చులకూ దారి చూపింది. ఒక కాలి బూటు మరో కాలికి తొడిగితే నొప్పి అని చెప్పాలంటే ముందు కుడి ఎడమ బూట్లు జనంలో ఉండాలి. ఈ జాతీయం పందొమ్మిదో శతాబ్దంలో వ్యాపించడం ఆ లెక్కకు సరిపోతుంది.

అర్థంలో తేడా ఇది. టేబుల్స్ ఆటలోంచి వచ్చింది కాబట్టి ఎత్తుగడ, గెలుపు, పైచేయి దాని స్వభావం. తిప్పేవాడు ఉంటాడు. షూ ఒంటికి తగిలేది కాబట్టి అనుభవం దాని స్వభావం. ఎవరూ తొడగరు, చూసేసరికి కాలికి ఉంటుంది. నిన్నటిదాకా సెలవు అడిగితే విసుక్కునే మేనేజరు ఇవాళ తన పైఅధికారి దగ్గర సెలవు కోసం బతిమాలుకుంటున్నాడంటే ‘షూ’ సరిగ్గా సరిపోతుంది. ఉద్యోగులంతా కలిసి అతని హాజరు లెక్కలు బయటపెట్టి అతన్నే సంజాయిషీకి నిలబెడితే ‘టేబుల్స్’. ‘పుట్ యువర్‌సెల్ఫ్ ఇన్ హిజ్ షూస్’ మాత్రం వేరు, అది ఊహించుకోమనడం మాత్రమే.

ఇంకా కొన్ని పక్కింటి మాటలు. ‘ద వర్మ్ హ్యాజ్ టర్న్‌డ్’ అంటే ఎప్పుడూ అణిగి ఉండేవాడు ఎదురుతిరిగాడని. గెలిచాడని కాదు. ‘హోయిస్ట్ విత్ హిజ్ ఓన్ పెటార్డ్’ హామ్లెట్ నాటకం నుంచి వచ్చింది, పెటార్డ్ అంటే కోట తలుపులు పేల్చే మందుగుండు. తాను పెట్టిన మందుకు తానే ఎగిరిపోవడం. ఇక్కడ అవతలివాడి ప్రయత్నం ఏమీ లేకపోయినా ఫరవాలేదు. ‘బ్యాక్‌ఫైర్’ కూడా అంతే, ఎత్తు బెడిసికొట్టింది అన్నంత వరకే.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒకే మాటతో అన్నిచోట్లా నెట్టుకొద్దామనుకుంటే కుదరదు. యంత్రం చేసిన అనువాదంలో ‘పట్టికలు తిరిగాయి’ అని కనిపిస్తే అది ఈ జాతీయమేనని గుర్తుపట్టండి. ‘ద టేబుల్స్ హ్యావ్ టర్న్‌డ్’ అన్న రూపానికి, విధి మార్చిందన్న ధోరణిలో ఉంటే ‘ఓడలు బళ్లయ్యాయి, బళ్లు ఓడలయ్యాయి’ చక్కగా సరిపోతుంది. అందులోనూ రెండు ఉన్నాయి, రెండూ చోట్లు మార్చుకున్నాయి. కానీ ఎవరో పట్టుబట్టి సాధించిన మార్పు అయితే ఈ సామెత ఆ మనిషి కష్టాన్ని మింగేస్తుంది. ఈడెన్ టెస్టు గురించి ఓడలు బళ్లయ్యాయంటే లక్ష్మణ్ చేసిందేమిటి? అలాంటిచోట ‘పైచేయి’ పట్టుకోండి: ‘ఫాలోఆన్ ఆడించినవాళ్లనే ఓడించి పైచేయి సాధించారు’. ఎదుటివాడి ఎత్తుతోనే అతన్ని దెబ్బకొడితే ‘నీవు నేర్పిన విద్యయే నీరజాక్షా’ ఉంది. సరదా సంభాషణలో, సబ్‌టైటిళ్లలో ‘సీన్ రివర్స్ అయింది’ అంటే చాలు, అందరికీ అందుతుంది. సంపాదకీయంలో అది నప్పదు.

‘కథ అడ్డం తిరిగింది’ని మాత్రం దీనికి వాడకండి. తిరగడం అన్న మాట రెండింటిలో ఉండటం వల్ల చేయి అటే పోతుంది. కథ అడ్డం తిరగడమంటే అనుకున్నది చెడటం, అది ‘బ్యాక్‌ఫైర్’కు జత. ‘పాచిక పారలేదు’ కూడా అంతే. పాచికలాటలోంచే వచ్చిన మాటైనా ఒకడి ఎత్తు విఫలమైందనే చెబుతుంది, రెండోవాడు లాభపడ్డాడో లేదో చెప్పదు. శాండర్‌సన్ వాడిన పాత అర్థానికి, అంటే బలవంతుణ్ణి అవతలివైపు నుంచి చూడమనే సందర్భానికి, మన ‘అత్తా ఒకింటి కోడలే’ బాగా దగ్గర.

వార్తాశీర్షిక అనువదిస్తున్నట్లయితే ముందు ‘ఆన్’ తర్వాత ఎవరి పేరుందో చూడండి. వాళ్లే ఓడినవాళ్లు. ‘విలేజర్స్ టర్న్ ద టేబుల్స్ ఆన్ కాంట్రాక్టర్’ అని ఉంటే ‘కాంట్రాక్టర్‌కు ఎదురుదెబ్బ’ అని ఆపేస్తే గ్రామస్థులు మాయమవుతారు. ‘గ్రామస్థులు తిరగబడ్డారు’ అంటే ఫలితం మాయమవుతుంది. లోపలి వార్త చదివి, మొదట ఎవరు ఎవరిని ఏ విషయంలో ఇరుకున పెట్టారో తెలుసుకుని, ఆ విషయాన్నే శీర్షికలోకి తెండి. కాంట్రాక్టర్ గ్రామస్థుల మీద కేసు పెట్టి, చివరికి అదే కేసులో తనే దోషిగా తేలితే: ‘కేసు పెట్టిన కాంట్రాక్టరే దోషి, నెగ్గిన గ్రామస్థులు’.